ముప్పావు గంట విమానం

"అక్కణ్ణుంచి ఇక్కడికి విమానంలో ముప్పావు గంటేనట. నువ్వెప్పుడూ మూడు గంటలంటావు. మిగతా టైమంతా ఎక్కడ తిరుగుతున్నావే?" గుమ్మంలోనే అమ్మాయిని నిలదీశాను.

"ఎవరు చెప్పారు?"

"పక్కింటి అత్తయ్య. నిన్న ఆవిడా మీ ఊరినుంచే వచ్చింది. నీ విమానాన్ని ఒక్కదాన్నే దారిలో టీకి ఆపుతున్నారా? నిజం చెప్పు, ఎవడు వాడు?"

అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది.

"ఎవడూ లేడమ్మా. నీ అల్లుడికీ నాకూ ఏడాదిగా మాటల్లేవు. విమానం దిగాక అక్కడే కూర్చుని ఏడుస్తాను. కళ్ల ఎరుపు తగ్గాక మొహం కడుక్కుని వస్తాను. చూస్తే నువ్వు హడలిపోతావని."

కీడెంచి మేలెంచమంటారు. ఇన్ని కీడులెంచిన దాన్ని, ఇదొక్కటీ ఎంచలేకపోయాను.

దాని చేతిలో పెట్టె అందుకున్నాను.

"ఇకనుంచి దిగగానే తిన్నగా వచ్చెయ్. మొహం ఇక్కడ కడుక్కుందువుగాని."