వేలెడంత పెద్దాయన

ఒప్పుకుంటున్నా, ఇది రాస్తూ రెండుసార్లు కుర్చీ వెనక్కి చూశాను. దెయ్యాల్లేవని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని నేనే!

మా అక్క ఒక పెద్దాయన దగ్గర ఇంజినీరు. బిల్డింగులూ ఆయనే గీసేవాడు, వాటిలో తిరిగే లిఫ్టులూ ఆయనే కనిపెట్టేవాడు. ఎవర్నీ తిట్టేవాడు కాదు. అట్టతో చేసిన నమూనాలో తప్పున్న చోట వేలెడంత తన బొమ్మని నిలబెట్టి వెళ్లిపోయేవాడు.

ఆయన పోయాక, ఆయన గీసిన ఒక బిల్డింగు కడుతూ, ఓనరు పోరు పడలేక అక్క హాల్లో ఒక స్తంభాన్ని సన్నం చేసింది. తెల్లారితే ప్రారంభం. ఆ రాత్రి ఆ కొత్త బిల్డింగులోనే, తనకిచ్చిన గదిలో, దాని నమూనా దుమ్ము తుడుస్తుంటే బొమ్మ ఆ స్తంభం పక్కనే ఉంది.

"బాబాయ్, దీన్ని ముట్టుకున్నావా?" అని వాచ్‌మన్‌ని అడిగింది.

"ఆయన బతికుండగానే జోలికి పోలేదమ్మా, ఇప్పుడు పోతానా?" అని అతను గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

అక్క బొమ్మని సొరుగులో పెట్టి తాళం వేసింది. హాల్లో ఎక్కడో టక్కుమంది. నమూనా వైపు చూస్తే బొమ్మ మళ్లీ అందులోనే ఉంది. ఈసారి స్తంభం దగ్గర కాదు, నమూనాలోని అక్క గదిలో, అక్క కుర్చీ వెనక.

అక్క వెనక్కి తిరగలేదు. ఓనరుకి ఫోన్ చేసింది. "రేపు ఎవర్నీ లోపలికి రానివ్వకండి సార్. తప్పు నాది."

ఫోన్ పెట్టేసింది. కుర్చీ వెనక ఎవరో మెల్లగా ఊపిరి వదిలారు.

పోయినా పని మానని పెద్దాయన మీ ఆఫీసులోనూ ఉంటే, కింద రాయండి. పగటిపూట చదువుతా.