గడియ పక్కన కన్నం

"తలుపులో ఈ కన్నమేటిరా?"

సన్యాసయ్య వేలు పెట్టి చూపించాడు. రెండంగుళాల మందం పనస తలుపు. లోపలి గడియ పక్కనే బొటనవేలు పట్టేంత కన్నం.

"గడియ కోసమే, బాబూ," అన్నాడు వడ్రంగి. "వొంపు కమ్మీ దూర్చి ఎత్తితే, బయట నుంచి కూడా గడియ వచ్చేస్తాది."

"అంటే దొంగోడికి తాళంచెవి సేసిచ్చావన్నమాట."

సన్యాసయ్య పలాస స్టేషన్లో ముప్ఫై ఏళ్ళు మేస్త్రీగా చేసి దిగిపోయాడు. పిల్లల్లేరు. ముసలితనంలో తనూ భార్య వరహాలమ్మా భయం లేకుండా బతకాలని ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఈ ఇల్లు కట్టిస్తున్నాడు.

కాలు తట్టకుండా గడప వేలెడెత్తే పెట్టించాడు. నుయ్యి ఇంట్లోనే. కిటికీలకు ఇనప ఊచలు. పెంకుల కింద తాటిపలకలు. దొంగకి దారి అవుతుందని దొడ్డి తలుపు పెట్టలేదు.

"ఇది ఇల్లా మావా, బందెలదొడ్డా?" అంది వరహాలమ్మ ఒకనాడు.

"బందెలదొడ్లో పశువుని ఎవడూ ఎత్తుకుపోడు," అన్నాడు.

వడ్రంగి మందస అవతలి నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. పేరు ఎవరూ అడగలేదు.

"కన్నం ఉండనీండి, బాబూ. ఇద్దరే ఉంటారు. గడియేసుకుని లోపల ఒకరు పడిపోతే?"

"రైలుబండ్ల మధ్య పడనోణ్ణి ఇంట్లో పడతానేటిరా?"

వినడానికి చేరిన నలుగురూ నవ్వారు.

"పడిపోయే రోగం మా తమ్ముడి పెళ్ళానికుండేది," అన్నాడు సన్యాసయ్య. "దాన్ని పుట్టింటికి తోలించీసినాను. ఇంక మా ఇంట్లో పడేవాళ్ళు లేరు."

వరహాలమ్మ తల వంచుకుంది.

వడ్రంగి మాత్రం కన్నం మూయనన్నాడు.

సన్యాసయ్య అతని సంచిలోంచి ఉలి తీసి అతని చేతిలో పెట్టాడు.

"దీని మీద ఒట్టెయ్యి. ఈ కన్నం ఎనకాల నువ్వు దాసిన గుట్టేదీ లేదని సెప్పు. ఒగ్గేస్తాను."

ఉలి మీద అబద్ధపు ఒట్టు వేసిన వడ్రంగి చెయ్యి పడిపోతుందని ఆ వైపు నమ్మకం.

వడ్రంగి ఉలి వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ వరహాలమ్మ వైపు చూశాడు.

ఉలి కింద పెట్టేశాడు.

"సూశారా? దొంగ!" అన్నాడు సన్యాసయ్య.

కూలీ ఇవ్వలేదు. పనిముట్ల సంచీ లాక్కున్నాడు. అందరూ కలిసి అతన్ని తోట చివరిదాకా కొట్టుకుంటూ తరిమారు.

ఆ సాయంత్రం సన్యాసయ్య తలుపుకి రెండువైపులా కన్నం మీద ఇనప రేకు వేసి, తానే మేకులు దిగ్గొట్టాడు.

"నేను గుమ్మం దాటగానే గడియ వేసుకో," అని భార్యకి చెప్పాడు. ఆమె ఏనాడూ మరవలేదు.

మూడు నెలలు గడిచాయి. ఓ మధ్యాహ్నం అతను తోటలోంచి వచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు.

కిటికీలోంచి చూశాడు. వరహాలమ్మ రుబ్బురోలు పక్కన పడి ఉంది. తల కింద రక్తం.

"మావా... నీళ్ళు..."

ఊచల మధ్య నుంచి భుజం దాకా చెయ్యి దూర్చాడు. జానెడు దూరంలో ఆగిపోయింది.

రేకు పీకబోయాడు. గోళ్ళు చిట్లాయి. మేకు కదల్లేదు.

వడ్రంగి దగ్గర లాక్కున్న పనిముట్లు లోపల అటక మీద ఉన్నాయి.

జనం గొడ్డళ్ళు తెచ్చారు. పనస చెక్క మీద గొడ్డలి తుళ్ళిపోయింది. ఊచలు వంగలేదు. పెంకులు తీస్తే తాటిపలకలు అడ్డొచ్చాయి. ఇల్లు అతను కోరుకున్నంత గట్టిగానే ఉంది.

తలుపు పగిలేసరికి పొద్దు వాలింది.

సన్యాసయ్య ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నాడు. నీళ్ళు పట్టాడు. గొంతు దిగలేదు.

"మూర్ఛ, మావా," అందామె. "ఈ ఏడే మొదలైంది. తలుపు బిగిస్తన్నప్పుడు ఆ వడ్రంగి ముందే పడిపోయాను. ఉలి నా గుప్పిట్లో పెట్టి లేపాడు."

"నాకు సెప్పలేదేటే?"

"తెలిస్తే నన్నూ పుట్టింటికి తోలీసీవోడివి."

కాసేపు ఊపిరి కోసం వెతుక్కుంది.

"అతన్ని ఒట్టెయ్యమన్నావు. ఎలాగేస్తాడు, మావా? నా గుట్టు నీకు సెప్పనని, అదే ఉలి మీద నాకు ముందే ఒట్టేశాడు."