వెండి రంగు కూన

"ఏ జాతో చెప్పండి డాక్టర్‌గారూ, చాలు" అంటూ మా ఆయన బుట్టలోంచి పిల్లికూనని తీసి, కిరీటం దించినట్టు బల్ల మీద పెట్టారు.

"ఈ వెండి రంగు చూశారుగా! ఏ గొప్పింటిదో పాపం. ఓ నల్లపిల్లి నోట కరుచుకుని మా గోడ దూకుతుంటే నేనే విడిపించాను. దొంగపీనుగ!"

దారి పొడుగునా ఆటో అతనికీ ఇదే కథ. వినీ వినీ చెవులు తుప్పుపట్టాయి నాకు.

డాక్టరమ్మ కూన వీపు మీద వెంట్రుకలు పాయ తీసింది. "కుదుళ్లు చూడండి, నల్లగా లేవూ? కడుపుతో ఉండగా తల్లికి జ్వరమొస్తే కొన్ని పిల్లలు ఇలా పుడతాయి. పెరిగేకొద్దీ ఈ వెండి ఊడిపోతుంది. అసలు రంగు నలుపే. జాతంటారా, వీధి పిల్లే."

మా ఆయన మొహం మాడిపోయింది. "పోనీ, బాగా పెద్దదైనా అవుతుందా?"

"ఇంచుమించు తల్లంత అవుతుంది. తల్లిని చూశారా?"

ఆయన వంగి ఆ నల్లటి కుదుళ్లు మళ్లీ చూశారు.

"చూడకేం! పొద్దున మా గుమ్మంలో కూర్చుని ఒకటే అరుస్తుంటే, దాని నెత్తిన బకెట్టు నీళ్లు కుమ్మరించారు" అన్నాను.

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి అటు తిరిగింది. మా ఆయన కూనని రెండు చేతులతో ఎత్తి, మెల్లగా బుట్టలో పడుకోబెట్టారు.

"అది ఇంకా గుమ్మంలోనే ఉంటుందంటావా?"

"ఉంటుంది. మీలా జాతి చూడటం దానికి రాదుగా!"