ఒక బకెట్ ప్రెషర్

"ఏడో పంపు ఎక్కడిది?"

కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటర్ గారి మేనకోడలు పైకే అనేసింది. నీళ్ల పంపుహౌస్‌లో ఆ పిల్ల మూడు నెలల ట్రైనింగ్‌కి అదే ఆఖరి రోజు. సాయంత్రం ఆఫీసర్ చివరి రిపోర్టు చూసి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. ఆ కాగితం తెస్తేనే సోమవారం ఉద్యోగంలో చేర్చుకుంటామన్నారు. రిపోర్టులో ఒక్క తప్పు దొర్లిందంటే మూడు నెలలూ నీళ్లపాలే.

రిపోర్టు రాసేది ఏఐ. మీటర్ల అంకెలు వైరు గుండా దానికి చేరతాయి, అది చకచకా అల్లేస్తుంది. 'ఏఐ రాసింది మనిషి కళ్లతో చూశాకే సంతకం' అని ఆఫీసర్ గోడకి పెద్ద కాగితం అంటించాడు. రోజుకోసారి దాన్ని ఎవరికైనా చదివి వినిపిస్తే తప్ప ఆయనకి తిన్నది అరగదు.

ఇన్నాళ్లూ 'పంపులన్నీ బాగున్నాయి' అని ఒకే ముక్క వచ్చేది. ఈరోజు దాని కింద ఇంకో లైనుంది. 'ఏడో పంపు బేరింగు వేడెక్కుతోంది. వెంటనే చూడాలి.'

గోడ మీద బోర్డులో చూస్తే పంపులు ఆరే.

"ఉందిగా అమ్మడూ, వెనకాల పొదల్లో," అన్నాడు నూనె డబ్బాతో అటుగా పోతున్న మామయ్య. "బక్కది. రంగు మాత్రం నాదే."

మామయ్య అక్కడ ముప్పై ఏళ్లుగా ఆపరేటర్. చదివింది ఐదో క్లాసు, ఆడించేది అందరినీ. మేనకోడలు వచ్చిన మొదటి రోజే స్టోర్ నుంచి ఒక బకెట్ ప్రెషర్ పట్టుకురమ్మని పంపాడు. పాపం, అది బకెట్ తీసుకుని వెళ్లింది కూడా. స్టోర్‌కీపర్ ఇప్పటికీ ఆ పిల్లని చూస్తే ముఖం తిప్పుకుని నవ్వుకుంటాడు. ఆ తర్వాత, పలకరిస్తే గానీ మూడో పంపు స్టార్ట్ అవదన్నాడు. నాలుగు రోజులపాటు దానికి గుడ్మార్నింగులు.

"మామయ్యా, ఇవాళైనా నన్నొదిలెయ్. నీకు దణ్ణం పెడతా."

"నీ మీద ఒట్టే. రా, చూపిస్తా. బురదగా ఉంటుంది, ఆ కొత్త బూట్లు ఇక్కడే విప్పెయ్."

"విప్పితే దాచేద్దామనేగా?"

మామయ్య చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. కిందటి వారం ఆ పిల్ల లంచ్‌బాక్స్ దాచినప్పుడు కూడా సరిగ్గా అలాగే పెట్టుకున్నాడు.

అతన్ని వదిలేసి ఏఐనే అడిగింది, ఏడో పంపు నిజంగా ఉందా అని. తనకి అంకెలైతే వస్తున్నాయనీ, ఉందో లేదో వెళ్లి చూసి చెప్పమనీ అది జవాబిచ్చింది. దొరికిపోయి బుకాయిస్తోంది అనుకుంది మేనకోడలు. ప్రింటు తీసుకుని ఆఫీసర్ గదికి నడిచింది.

ఆఫీసర్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఏఐ ఎప్పుడు తప్పు చేస్తుందా అని వచ్చిన రోజు నుంచీ కాచుకుని ఉన్నాడు. లైను చూశాడు, బోర్డు చూశాడు, ఆరూ రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

అదృష్టం ఏమిటంటే, ఆ సాయంత్రమే ఏదో కాలేజీ నుంచి ముప్పైమంది పిల్లలు పంపుహౌస్ చూడ్డానికి వచ్చారు. ఆఫీసర్ మేనకోడల్ని వాళ్ల ముందు నిలబెట్టాడు. రేపు మీరు ఏ ఉద్యోగంలో చేరినా ఏఐ మీ పక్కనే ఉంటుందనీ, అది లేనివి కూడా ఉన్నట్టు రాస్తుందనీ, దాన్ని గుడ్డిగా నమ్మినవాడు మునుగుతాడనీ అరగంట చెప్పాడు. చెప్పి, ఎర్ర పెన్నుతో ఏడో పంపుని అడ్డంగా కొట్టేశాడు.

ముందు వరసలోని అమ్మాయి చెయ్యెత్తింది. "వెళ్లి చూశారా సార్?"

"లేనిదాన్ని ఏం చూస్తామమ్మా?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వెనకాల నిలబడ్డ మామయ్యే. సర్టిఫికెట్‌లో 'ప్రతిదీ స్వయంగా పరిశీలించే గుణం' అని ఆఫీసర్ సొంత దస్తూరీతో ఒక లైను చేర్చి మరీ సంతకం పెట్టాడు. మేనకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫొటోకి మామయ్యని కూడా రమ్మన్నారు.

"మీరు కానివ్వండి సార్. అవతల అది వేడెక్కిపోతోంది," అన్నాడు.

ఆఫీసర్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. మామయ్య నూనె డబ్బా అందుకుని వెనక గుమ్మంలోంచి బయటపడ్డాడు. రోజూ ఆ వేళకి అటే వెళ్తాడు. సిగరెట్టుకేమో అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. గుమ్మం బయట చెప్పులు విప్పాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు.

పొదల్లో ఏడో పంపు కీచుమంటోంది.