రెండో అర్ర

“ఈ ఫోన్‌ల ఇంకో అర్ర ఉన్నది పెద్దబాపూ. దానికి తాళం ఏసి ఉన్నది.”

రమాకాంత్ తన భార్య ఫోన్‌ను కులపెద్ద కుమారస్వామి ముందు పెట్టాడు. కొత్తవాడలోని ఆ ఇంట్లో ఆ రోజు మగ్గం ఆగింది. సగం నేసిన జంపఖానా మగ్గం మీదే ఉంది. రమాకాంత్ తండ్రి వెంకట్రాజం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తల్లి లచ్చవ్వ రాట్నం ముందు నూలు కండెలు చుడుతోంది. గొడవ తనది కానట్టు తలెత్తలేదు.

రమాకాంత్ భార్య వినోద గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

“ఫోన్‌ల అర్రేందిరా, గదులుండనీకి అదేమన్న ఇల్లా?” అన్నాడు కుమారస్వామి.

“ఈ కొత్త మోడల్‌ల ఉంటదట. ఒక ఏలు పెడితే మామూలు ఫోన్. ఇంకో ఏలు పెడితే లోపల ఇంకో ఫోన్. దాని వాట్సాప్ వేరు, ఫోటోలు వేరు. నంబరు గిట్ల ఏం లేదు, ఏలు పెడితేనే తెరుచుకుంటది. షాపోడు నిన్న చెప్పిండు. ఈ మోడల్ ఆడోళ్లే ఎక్కువ అడుగుతాండ్రట.”

“అడుగుతరు. వచ్చే ఏడుకు ఇంకోటి వస్తది, దీన్ని మర్చిపోతరు.”

“మర్చిపోరు,” అంది వినోద.

ఫోన్ కొన్ననాడు హన్మకొండ చౌరస్తాలో షాపువాడు మంచి కెమెరా ఉన్నవి, పెద్ద తెర ఉన్నవి చాలా చూపించాడు. వినోద వాటిని ముట్టుకోలేదు. మిషన్ కుట్టి కూడబెట్టుకున్న పైసలు ఈ మోడల్ మీదే పెట్టింది. కోడలు ఒంటరిగా బజారుకు పోవద్దని ఆ రోజు లచ్చవ్వను తోడు పంపారు. షాపులో ఉన్నంతసేపూ ఆమె ధర ఎక్కువని సణుగుతూనే ఉంది.

“రోజూ పగటిపూట ఫోన్ పట్టుకుని డాబా ఎక్కుతాంది,” అన్నాడు వెంకట్రాజం. “మేం మగ్గం గుంతల ఉంటం. మాకేం ఎరుక? అందుకే దీన్ని కావలి పంపిన.” భార్య వైపు గడ్డంతో చూపించాడు. “ఇదేమో నాకేం ఇనబడలే అంటది.”

“మగ్గం చప్పుడుకే నా చెవులు పోయినయి,” అంది లచ్చవ్వ, దారం తెగకుండా చూసుకుంటూ.

“మంచి కావలే పెట్టినవ్ వెంకట్రాజం,” కుమారస్వామి నవ్వాడు. తర్వాత వినోద వైపు తిరిగాడు. “బిడ్డా, ఏలు పెట్టు, తెరువు. ఏం లేకుంటే ఎవలింటికి వాళ్లం పోతం.”

“తెరువ.”

“ఎందుకు?”

“ఫోన్ నాది పెద్దబాపూ. నా కష్టంతోని కొనుక్కున్న.”

రమాకాంత్ గొంతు తగ్గించాడు. “దీన్ని ఎక్స్‌చేంజ్‌ల ఇచ్చేద్దాం. దీనికంటె మంచిది నేనిప్పిస్త. లొల్లి బంద్.”

“ఎన్ని మోడళ్లన్న రానీ. నాకు ఇదే కావాలె.”

“అంత ఏమున్నది బిడ్డా దీంట్ల?” అడిగాడు కుమారస్వామి.

“అడిగినోళ్లందరికీ చెప్పది. గందుకే నచ్చింది.”

రమాకాంత్‌కు ఓపిక పోయింది. ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. అంతలోకే వినోద రెండు చేతులూ చాపింది.

“చూసుకో.”

బొటనవేలు పెట్టించాడు. మామూలు ఫోనే తెరుచుకుంది. మూసి చూపుడువేలు పెట్టించాడు, ఫోన్ ఒకసారి వణికి ఊరుకుంది. మధ్యవేలు. మళ్లీ అంతే. ఇంకొన్ని వేళ్లయ్యాక, కాసేపు ఆగి ప్రయత్నించమని తెర మీద అక్షరాలు వచ్చాయి.

“నీ పెండ్లాం కంటె మొండిదిరా ఇది,” అన్నాడు కుమారస్వామి.

ఆగారు. మళ్లీ మొదలుపెట్టారు. పది వేళ్లూ అయిపోయాయి. అర్ర తెరుచుకోలేదు.

లచ్చవ్వ రాట్నం తిరుగుతూనే ఉంది.

“దీని ఏలు కాదు. నా ఏలు కాదు,” అన్నాడు రమాకాంత్ మెల్లగా. “మరి ఎవనిది?”

అప్పటిదాకా అది ఫోన్ గొడవ. ఇప్పుడు కాదు. కుమారస్వామి ముఖంలో నవ్వు పోయింది.

“ఎవని ఏలు బిడ్డా?”

“చెప్ప.”

“చెప్పకుంటే ఈ ఇంట్ల నువ్వుండుడు కష్టమైతది.”

“తెలుసు.”

“తెలిసే అంటాందా?” వెంకట్రాజం లేచాడు. “సంచి సదురుకొమ్మను. మరిపెడ బస్సు ఎక్కించి రారా. వాళ్ల నాయినకు నేను చెప్త. ఇగ మళ్ల ఈ గడప తొక్కద్దు.”

వినోద ఏడవలేదు. లోపలికి వెళ్లి నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని బయటికి వచ్చింది. మొగుడి ముందు అరచెయ్యి చాపింది.

“నా ఫోన్ ఇయ్యి.”

“ఇయ్య. రాయి పెట్టి పలగ్గొడ్త.”

“పలగ్గొట్టు. ముక్కలనడుగు, అవి చెప్తయేమో. నేనైతే చెప్ప.”

రమాకాంత్ వాకిట్లోకి దిగి రాయి కోసం వంగాడు.

రాట్నం ఆగింది.

“జర ఇటియ్యి,” లచ్చవ్వ వచ్చి కొడుకు చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“వద్దు అత్తమ్మా,” అంది వినోద. సంచి వదిలేసి అత్త చెయ్యి పట్టుకుంది.

“నువ్వు ఊకో.”

కండెలు చుట్టి చుట్టి కాయలు కాచిన తన బొటనవేలు లచ్చవ్వ ఆనించగానే రెండో అర్ర తెరుచుకుంది, అందులోని ఫోటోలో, వేరే కులం పిల్లవాణ్ని చేసుకున్నదని మూడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పేరెత్తని లచ్చవ్వ కూతురు సౌమ్య ఒళ్లో పసిబిడ్డతో నవ్వుతూ ఉంది.