అందరికీ అర్థమయ్యే ఫైలు

"ఒక్క కామా పోయిందని మా అమ్మని మెషిన్ ఎక్కించకుండా ఇంటికి పంపేస్తారా?"

డయాలసిస్ సెంటర్లో అతను అంత గట్టిగా అడిగినా హెడ్ సిస్టర్ నిదానంగానే జవాబు చెప్పింది.

"ఆ సాఫ్ట్‌వేర్ మీ కంపెనీదే కదండీ. మా టెక్నీషియన్ ఒకాయన ఓ రోగి గంటలు మార్చబోతే చెయ్యి తగిలి కామా పోయింది. దాంతో అందరి పేర్లూ మాయం. అసలా ఫైల్లో ఉన్నది మనుషులు చదివే రాతేనా?"

ఏ రోగిని ఏ మంచం మీద ఎన్ని గంటలు పడుకోబెట్టాలో చెప్పే ఆ సెట్టింగుల ఫైలు రాసింది స్వయానా అతనే. దాన్ని బ్రాకెట్లతో, కొటేషన్ గుర్తులతో కొరకరాని కొయ్యగా తయారుచేసి, అదే తన తెలివనుకున్నాడు ఇన్నాళ్ళూ. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది.

ఆఫీసుకు వెళ్ళగానే ఫైలు తిరగరాయడం మొదలుపెట్టాడు. కామాలూ బ్రాకెట్లూ ఏరిపారేశాడు. రోగి పేరు, పక్కన గంటలు, కింద మామూలు మాటల్లో ఒక ముక్క: "ఈ అంకె మారిస్తే ఈ మనిషి గంటలు మారతాయి."

పక్క సీటు సీనియర్ తొంగిచూసి పెదవి విరిచాడు.

"మరీ ఇంత సులువు చేస్తే దారినపోయే దానయ్య కూడా వేలు పెడతాడు. పోనీ, పాస్‌వర్డన్నా పెట్టు."

"షిఫ్టుకో సిస్టర్ మారుతుందండీ. ఎవరో ఒకరు అది మర్చిపోతే మళ్ళీ మా అమ్మేగా ఇంటికి తిరిగొచ్చేది? అయినా జనం మనమనుకునేంత వెర్రివాళ్ళేం కాదు."

కొత్త ఫైలు చూసి హెడ్ సిస్టర్ మురిసిపోయింది. ఇక ప్రతి చిన్నదానికీ మీ కాళ్ళు పట్టుకోనక్కర్లేదండీ అని నవ్వింది. అతనికీ కడుపు నిండినట్టయింది.

కొన్నాళ్ళకు అమ్మ కాళ్ళు వాచాయి. మెట్లెక్కితే ఆయాసం. డాక్టర్ రిపోర్టులు చూసి మొహం చిట్లించాడు.

"నేను నాలుగు గంటలు రాస్తే అక్కడ రెండున్నరే ఇస్తున్నారు. ఒంట్లో విషం ఒంట్లోనే ఉండిపోతోంది. ఇలాగే సాగితే ఆవిడ గుండె తట్టుకోదు."

అతను శివాలెత్తిపోయాడు. నేరుగా సెంటర్‌కు వెళ్ళి హెడ్ సిస్టర్‌ను నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు.

"ఇంకో నలుగురిని ఇరికించడానికి మా అమ్మ గంటలు కోసేస్తారా? మీకోసం ఫైలు సులువు చేసినందుకు ఇదా మీరు చేసేది?"

"నేను ముట్టుకోలేదండీ. కంప్యూటర్ ఎంత చూపిస్తే అంత పెట్టాం. డాక్టర్ గారే తగ్గించారనుకున్నాం." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అతను నమ్మలేదు. మేనేజర్ గదిలోకి వెళ్ళి, ఆమెను ఉద్యోగంలోంచి తీయించేదాకా కుర్చీలోంచి లేవలేదు. తగిన శాస్తి జరిగిందనుకుంటూ మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాడు.

అమ్మ వాచిన కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కంచం పెట్టింది. అతను జరిగిందంతా చెప్పాడు. వింటూ వింటూ ఆమె గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఎంత పని చేశావురా. ఆ అమ్మాయికేం తెలీదు. తను అటు వెళ్ళినప్పుడు కంప్యూటర్లో ఆ అంకె నేనే మార్చాను. నా పేరు కిందే రాసుందిగా, ఏది మారిస్తే ఏమవుతుందో."

"నువ్వా? ఎందుకమ్మా?"

"నాలుగు గంటలూ అక్కడే పడుంటే నువ్వొచ్చే వేళకి వంటెలా అవుతుందిరా? కాస్త ఆలస్యమైతే కంచం తోసేసి వెళ్ళిపోతావుగా."