పచ్చి పలక

"ఆ పంపు ఒకటి ఇవ్వండి," అన్నాడు వడ్రంగి, ఆసుపత్రి మందుల కిటికీలోకి తల దూర్చి, గొంతు బాగా తగ్గించి.

"ఏ పంపు?" అని కిటికీ అవతలి మనిషి వరండా అంతా వినపడేట్టు అడిగాడు.

వడ్రంగికి తల కొట్టేసినట్టయింది. వెనక వరుసలో నలుగురున్నారు. కిటికీ పక్క బల్ల మీద ఓ ముసలాయన కూర్చుని ఇటే చూస్తున్నాడు.

నాలుగు నెలలుగా అతనిది చెప్పుకోలేని బాధ. మర్మాంగంలో చర్మం కింద శనగబద్దంత గట్టి ముడి. దానివల్ల వంపు, వంపుతో పాటు నొప్పి. గాలి లాగేసే గొట్టం పంపుతో ఆ వంపు సరిచేస్తారని ఎక్కడో చదివాడు. వంకర చెక్కల్ని తిన్నగా చేసి బతికే మనిషికి ఆ మాట ఇట్టే నచ్చింది.

భార్యకు చెప్పలేదు. పని ఎక్కువగా ఉందని షెడ్డులోనే పడుకుంటున్నాడు. మొన్న ఆవిడ, "మీ మనసులో ఇంకెవరైనా ఉంటే చెప్పేయండి. నేను మా అక్క దగ్గరికి పోతాను," అంది. ఆదివారం దాకా గడువు కూడా పెట్టింది.

అందుకే ఈ తొందర.

"డాక్టరు చీటీ లేనిదే ఇవ్వను," అన్నాడు కిటికీ మనిషి.

"ఇలా రా నాయనా," అంటూ ముసలాయన జరిగి చోటిచ్చాడు.

మాసిన చొక్కా, దారంతో కట్టిన కళ్లద్దాలు, గోళ్ల నిండా నల్లటి మడ్డి. సైకిళ్లు బాగుచేసుకునే మనిషి కాబోలు అనుకున్నాడు వడ్రంగి.

"నొప్పి తగ్గిందా?" అని మెల్లగా అడిగాడు ముసలాయన.

వడ్రంగి ఉలిక్కిపడ్డాడు. "మీకెందుకు?"

"వంపు ఆగిందా? ఇంకా పెరుగుతోందా?"

"పెరుగుతోంది. అయితే ఏంటి?"

"అయితే పంపు ఇప్పుడే వద్దు."

"మీరేమన్నా డాక్టరా?"

"కాదులే."

ముసలాయన అతని చెవి మీదున్న పెన్సిల్ వైపు చూశాడు.

"వడ్రంగివి కదూ? పచ్చి పలక వంకరపోతోందనుకో, బిగింపు వేసి తిన్నగా లాగేస్తావా?"

"ఎందుకు లాగుతాను? పగిలి ఊరుకుంటుంది. ఆరనివ్వాలి."

"ఎన్నాళ్లు?"

"దాని వంకర అదే ఆగేదాకా."

"మరి చెక్క మీదున్న జాలి నీ ఒంటి మీద లేకపోతే ఎలా?"

వడ్రంగి చెవి మీది పెన్సిల్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంట్లో చెప్పావా?" ముసలాయన అక్కడితో వదల్లేదు.

ఆ మాటతో వడ్రంగికి ఒళ్లు మండింది. "అందరి సంసారాలూ నీకే కావాలా? కొనేవాళ్లని చెడగొడితే ఎవడైనా కమీషన్ ఇస్తాడా నీకు?"

వరుసలో వాళ్లంతా తిరిగి చూశారు.

"అలాంటిదే అనుకో," అని నవ్వాడు ముసలాయన. "ముందు డాక్టరుకి చూపించుకో. కిటికీ ఎక్కడికీ పోదు."

వడ్రంగి గొణుక్కుంటూ లోపలికి వెళ్లాడు. డాక్టరమ్మని చూసి వెనక్కి తిరగబోయాడు. ఆవిడ మాత్రం పన్నునొప్పికి వచ్చినవాడితో మాట్లాడినట్టే మాట్లాడింది, పరీక్ష చేసింది.

"ఇది ఇంకా మారుతూ ఉంది. ముందు నొప్పి పోవాలి. వంపు మూడు నెలలు ఒకేలా నిలబడాలి. అప్పుడు పంపు మొదలుపెడదాం. మీకు ఇప్పుడే లాగితే మేలు కన్నా కీడెక్కువ."

"తగ్గుతుందా అమ్మా?"

"పూర్తిగా అని మాటివ్వను. బాగా తగ్గే అవకాశం మాత్రం ఉంది, తొందరపడకపోతే."

బయటికొచ్చేసరికి ముసలాయన పక్కన ఇంకెవరో కూర్చున్నారు. వడ్రంగి అటు చూడకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం వంటగది గుమ్మంలో నిలబడి భార్యకు అంతా చెప్పాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఇంతేనా? నాలుగు నెలల్నించీ లేని సవతిని తిట్టిపోస్తున్నాను," అంది.

అతను మళ్లీ షెడ్డులో పడుకోలేదు.

నొప్పి పోవడానికి ఐదు నెలలు పట్టింది. వంపు నిలిచిందని తేలడానికి మరో మూడు.

"ఇక మొదలుపెట్టొచ్చు," అంటూ డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది.

ఈసారి భార్య కూడా వచ్చింది. వడ్రంగి చేతిలో కళ్లద్దాలు పెట్టుకునే చిన్న పెట్టె ఉంది. బాగా ఆరిన చెక్క ఏరి, తీరిగ్గా చేశాడు. కిటికీ పక్క బల్ల మాత్రం ఖాళీగా ఉంది.

"ఇక్కడ కూర్చునే పెద్దాయన రాలేదా? ఆ రోజు నోరు పారేసుకున్నాను."

"ఆయన కాలం చేసి నెలైంది," అంటూ కిటికీ మనిషి పంపు పెట్టె ముందుకు జరిపాడు.

వడ్రంగి ఆ బల్ల మీదే కూలబడ్డాడు. ఆయనతో అన్న చివరి మాట ఆ కమీషన్ మాటే అయింది. భార్య పక్కన కూర్చుని పంపు పెట్టె తెరిచింది. పైనే చేతిరాత కాగితం ఒకటుంది.

"నొప్పి తగ్గిందా? వంపు ఆగిందా? ఇంట్లో చెప్పావా? మూడింటికీ అవునంటేనే దీన్ని వాడు."

"ఇవి ఆయన మాటలే," అన్నాడు వడ్రంగి.

"రాత కూడా ఆయనదే," అన్నాడు కిటికీ మనిషి. "ఇక్కడ కూర్చుని ఎంతమందిని కొనకుండా తిప్పి పంపాడో."

"దాంతో ఆయనకేంటి లాభం?" అంది భార్య.

"లాభం ఎక్కడిదమ్మా," అన్నాడు కిటికీ మనిషి, "ఈ పంపులు చేసి అమ్మేది ఆయనే."